అమెరికా ప్రణయ చిత్రకథలు: నాయికా సందేహము, నిష్ఠాపరీక్ష

పది సెంట్లకు వీథి అంగడిలో అమ్ముడుపోయి, నాలుగు చేతులు మారి, తుదకు చిత్తుకాగితములలో కలిసిపోయిన పుస్తకములను గూర్చి విశ్వవిద్యాలయ పత్రికలో వ్యాసము వ్రాయుట కొందరు చదువరులకు వింతగా తోచవచ్చును. మాకును మొదట ఆ సంకోచము లేకపోలేదు. కాని మధిర సుబ్బన్న దీక్షితులవారి కాశీమజిలీ కథలను ఇంటింట చదివి, సాహిత్యచరిత్రలో మాత్రము వానికి ఒకటి రెండు వాక్యములు విడిచిన వారము మనము. జనులు చదివినదానిని విడిచి, చదువదగినదని మన మనుకొన్నదానినే చరిత్రగా గ్రహించుటవలన కలుగు లోటు మనకు తెలియనిది కాదు.

ఇచ్చట మేము పరిశీలింపబూనినవి 1947 మొదలు 1977 వరకు అమెరికా సంయుక్త రాష్ట్రములలో ప్రధానముగా వెలువడిన ప్రణయ చిత్రకథా పత్రికలు. వీనిలోని కథ ఇంచుమించు ఒక్కటే. ఒక యువతి ఇరువురు పురుషుల నడుమనో, ప్రియునికిని తల్లిదండ్రులకును నడుమనో, ఉద్యోగమునకును వివాహమునకును నడుమనో చిక్కుకొనును, తప్పటడుగు వేయును, లేదా వేయబోవును, కన్నీరు విడుచును, తుదిగడిలో ఆలింగనము. ఆమె నిష్ఠ పరీక్షింపబడి నిలిచినదని చదువరి తెలిసికొనును. ఇంతమాత్రమే యైనచో వీనిని గూర్చి చెప్పదగిన దేమియు లేదు. కాని ఆ పరీక్ష నిజముగా పరీక్షయేనా, ముందుగనే ఫలితము వ్రాసియుంచిన లాంఛనమా అన్న ప్రశ్నకు ముప్పది యేండ్లలో ఒకే సమాధానము లేదు. నడుమ ఒకచోట ఆ సమాధానము మారినది. ఆ మార్పే ఈ వ్యాసమునకు విషయము.

ఈ శాఖకు మూలపురుషులు జో సైమన్, జాక్ కిర్బీ అను ఇరువురు. 1941లో కెప్టెన్ అమెరికా అను వీరపాత్రను సృష్టించిన వారు వీరే. యుద్ధకాలమున సైమన్ తీరరక్షక దళమునందును, కిర్బీ పదాతిదళమున చేరి ఐరోపాలోను పనిచేసిరి. తిరిగివచ్చునప్పటికి వీరగాథల గిరాకి తగ్గుచుండెను. పిల్లలకును బాలురకును వందలకొలది చిత్రకథలున్నవి, యువతులు చదువదగినవి మాత్రము లేవు, అన్న ఊహ సైమన్‌కు కలిగెను. ఆ ఊహ ఫలితముగా 1947 సెప్టెంబరు-అక్టోబరు సంచికగా ‘యంగ్ రొమాన్స్’ వెలువడెను. వయసువచ్చిన చదువరులకై ఉద్దేశింపబడినదను భావము గల మాట అట్టమీదనే అచ్చువేసిరి. ప్రచురణకర్తలతో వారు చేసికొన్న ఒప్పందము లాభములో సగపాలు. ఆ కాలమున పుటకింతయని కూలి పుచ్చుకొను చిత్రకారులకు ఇది అసాధారణము. మొదటి సంచిక అచ్చయిన ప్రతులలో నూటికి 92 అమ్ముడుపోయినవని సైమన్ చెప్పిన లెక్క. వ్యాపారి తన సరకును గూర్చి చెప్పిన లెక్కను కొంత తగ్గించి తీసికొనుట చరిత్రకారుని ధర్మము. ఐనను వెనువెంటనే తక్కిన ప్రచురణకర్తలు ఎగబడుట చూడగా ఆ లెక్క మిక్కిలి దూరము కాదని తోచును.

శూన్యమునుండి ఇది పుట్టలేదు. బెర్నార్ మక్ఫాడెన్ 1919లో ప్రారంభించిన ‘ట్రూ స్టోరీ’ అను పత్రిక, స్త్రీలు తమ తప్పులను తామే ఒప్పుకొనుచున్నట్లు ఉత్తమపురుషలో కథలు ప్రకటించి అప్పటికే పెద్ద పాఠకవర్గమును కూడబెట్టియుండెను. సైమన్ ఆ పద్ధతిని బొమ్మలలోనికి తెచ్చెను. కిర్బీ గీతలోని వీరావేశము అట్లే నిలిచినది. పిడికిళ్లకు బదులు ముఖములు పోరాడుట మొదలిడినవి. తొలి సంచికలోని ప్రధానకథ పేరు ‘ఐ వజ్ ఎ పికప్’. అనగా, దారిని పోవు పురుషుని వెంట వెళ్లిన పిల్లనని ఆమెయే తన్ను గూర్చి చెప్పుకొనుట. ‘నేను’ అన్న మాటతో ఆరంభమగు ఈ ఒప్పుకోలు తరువాత వచ్చిన వేలకొలది కథలకు ఒరవడి అయ్యెను.

ఒప్పుకోలు ఆ సంవత్సరములలోనే ఏల అంతగా అమ్ముడుపోయెను? 1946లో అమెరికాలో జరిగిన వివాహములు సుమారు 22 లక్షల 90 వేలు. అదే సంవత్సరమున విడాకులు సుమారు 6 లక్షల 10 వేలు. అంతకుముందెన్నడును ఆ సంఖ్య అంతవరకు పోలేదు. యుద్ధమునకు పోవు సైనికునితో కొలదిదినముల పరిచయమున జరిగిన పెండ్లిండ్లు, అతడు తిరిగివచ్చిన పిమ్మట నిలువక విరిగినవి. మరొకవైపు వివాహవయస్సు పడిపోవుచుండెను: స్త్రీల తొలి వివాహమునకు మధ్యగతమైన వయస్సు 1940లో 21.5 ఏండ్లు కాగా, 1956 నాటికి 20.1కి దిగెను. కావున ఈ పత్రికలు కొను పదునెనిమిదేండ్ల పిల్లకు వరనిర్ణయము రాబోవు కాలపు ముచ్చట కాదు. ఈ యేడో పై యేడో తేల్చవలసిన పని. తప్పుగా తేల్చినచో ఏమగునో పక్క యింటిలోనే చూచుచున్నది. ఇరువురు పురుషుల నడుమ నిలిచిన నాయిక ఆమెకు కల్పనగా తోచియుండదు.

ఇక రచనాపద్ధతి. చిత్రకథను అలవాటుగా చదువని వారికి ఇందలి సూక్ష్మము సులభముగా తెలియదు గనుక కొంత విస్తరింతుము. ప్రణయ చిత్రకథలోని ఒక గడిలో మాట మూడు చోట్ల ఉండును. గడి పైభాగమున పెట్టెకట్టి వ్రాసిన కథనము ఒకటి. పాత్రల నోటినుండి వెడలు బుడగలోని సంభాషణ రెండవది. మబ్బు ఆకారముగల బుడగలోని తలపు మూడవది. కథనము నాయికదే, కాని కథ ముగిసిన పిమ్మటి నాయికది. ఆమెకు ఫలితము తెలియును. పశ్చాత్తాపము పట్టి మాటలాడుచున్నది. బుడగలోని నాయికకు ఇంకను ఏమియు తెలియదు. ఆమె నవ్వుచున్నది, కోపించుచున్నది, బొంకుచున్నది. మబ్బు బుడగ మన నాటకములలోని ఆత్మగతమునకు సమానము: ఎదుట నిలిచిన ప్రియునికి వినబడనిది, చదువరికి మాత్రము వినబడునది. ఈ మూడింటికిని తోడు నాలుగవదియగు బొమ్మ, ‘నేను’ అని చెప్పుకొనుచున్న స్త్రీని బయటినుండి మనకు చూపును. ఒక్క గడిలో ఒకే స్త్రీ మూడు గొంతులతో మాటలాడుట, నాలుగవ వంక మౌనముగా కనబడుట: ఇట్టి సౌకర్యము వచనకథకు లేదు. పైకి “నీవన్నచో నాకేమి లెక్క” అనుచు, మబ్బులో “వెళ్లవద్దు” అని తలంచు నాయికను గీయుటకు ఒక్క అంగుళము చాలును.

నాయికా సందేహమునకు నిజమైన స్థానము ఈ గొంతుల నడుమనున్న ఎడమేయని మేము తలంచుచున్నాము. కథన భాగము నీతి చెప్పును; బుడగ కోరికను చెప్పును. ఆ రెంటికిని దూరమెక్కువైనకొలది సందేహము బలపడును. రెండును ఒక్కటే చెప్పిననాడు సందేహము లేదు, కన్నీరు మాత్రమే ఉన్నది.

ఇచ్చట ఒక ప్రసంగము. మా పరిశోధక విద్యార్థులలో ఒకరు ఈ నాయికలను అష్టవిధ నాయికలుగా విభజింపవచ్చునని ఉత్సాహపడిరి. సామ్యములు లేకపోలేదు. తానే పోనాడి తానే వగచు కలహాంతరిత ఈ కథలన్నిటి కథన భాగములోను ఉన్నది. సైనికుని భార్య ప్రోషితభర్తృకయే. ఐనను ఈ పోలిక ఒక మెట్టువరకే సాగును. మన లక్షణకర్తలు చెప్పిన నాయిక ఏ అవస్థలోనున్నను ఆమె రతి యెవనియందో మనకు సందేహము లేదు. అవస్థలు మారును, స్థాయి మారదు. ఒకే నాయికయొక్క రతి పలువురు నాయకులయందు చెప్పబడినచో ఆలంకారికులు దానిని రసాభాసమని త్రోసివేసిరి. ఈ అమెరికా కథలకు ఆ రసాభాసమే వస్తువు! ‘నేను ప్రేమించునది ఎవరిని?’ అన్నదే ఇందలి ప్రశ్న. కాన వీనిని మన చట్రములో బిగించుటకంటె, చట్రము ఎచ్చట పట్టదో గుర్తించుటయే ఎక్కువ లాభము.

పరీక్షకు నిలుచునది ఎవరి నిష్ఠ? పురుషుని నిష్ఠయు కొన్ని కథలలో పరీక్షింపబడకపోలేదు. రెండిండ్ల చుట్టమైన వంచకుడు ఈ పత్రికలలో తరచుగా కనబడు పాత్రయే. కాని వంచకుడు మొదటినుండి వంచకుడు, మంచివాడు మొదటినుండి మంచివాడు. మారునది, తప్పునది, నేర్చుకొనునది స్త్రీ. చెల్లెలి ప్రియుని కోరిన అక్క, నిలకడగల యువకుని విడిచి మెరుపువంటి వాని వెంటబడిన పిల్ల, పేరుప్రతిష్ఠల కాశపడి నిశ్చితార్థపు ఉంగరము తిరిగి ఇచ్చివేసిన ఉద్యోగిని వంటివారే కథకురాండ్రు. ఈ ‘నేను’ అను స్త్రీల మాటలను వ్రాసినవారు చాలవరకు పురుషులు, గీసినవారును పురుషులే. రూత్ అట్కిన్సన్, లిలీ రెనే వంటి చిత్రకర్త్రులును, ప్రణయ పత్రికలకు సంపాదకురాండ్రైన జీనా బ్రాడీ, ఫిలిస్ రీడ్ వంటివారును ఉన్నమాట నిజమే, కాని వారి సంఖ్య స్వల్పము. కావున వీనిని అమెరికా యువతుల హృదయమునకు అద్దమని చదువుట తప్పు. యుద్ధానంతరమున స్త్రీని గూర్చి ఆ సంఘము పడిన భయములకు అద్దమనవచ్చును. ఐనను ఈ మాటతో పని ముగియలేదు. భయము పురుషునిదైనను డబ్బిచ్చి కొన్నది స్త్రీ. తుదిగడిలోని నీతికై ఆమె కొన్నదని మేము నమ్మము. నీతి ఇంటిలో ఉచితముగా దొరకును. రెండవ పుటనుండి ఉపాంత్యపుటవరకు నడచు తప్పటడుగుల కొరకే ఆమె కొన్నది.

ఈ సామాన్య సూత్రమునకు ఘనమైన అపవాదము సెయింట్ జాన్ అను ప్రచురణసంస్థ 1949 మొదలు వెలువరించిన ‘టీనేజ్ రొమాన్సెస్’ మొదలగు పత్రికలు. వీనిలో మేటి కథలు డానా డచ్ అను రచయితవి. మేటి బొమ్మలు మాట్ బేకర్‌వి. కథలమీద రచయిత పేరు వేయు ఆచారము లేకుండుటచే డచ్ చిరకాలము అజ్ఞాతుడు. జాన్ బెన్సన్ అను పరిశోధకుడు ఆతని కథలను గుర్తించి, ఏరి, 2003లో ‘రొమాన్స్ వితౌట్ టియర్స్’ అను సంపుటముగా ప్రకటించెను. ‘కన్నీరు లేని ప్రణయము’ అన్న ఆ పేరులోనే పరిష్కర్త సిద్ధాంతమున్నది. డచ్ నాయిక తల్లిదండ్రులకు చెప్పక ప్రియునితో షికారు పోవును, పొరపాటు గ్రహించును, ఇంటికి తిరిగివచ్చును. ఆకాశము విరిగిపడదు. పొరపాటు ఆమెకు శిక్ష కాదు, అనుభవము. తరువాత ఎవరిని వరింపవలెనో ఆమెయే తేల్చుకొనును, ఒక్కొక్కప్పుడు ఎవరిని వరింపకయు ఉండును. పరీక్షయనిన ఇదియే పరీక్ష, తప్పుటకు అవకాశమున్నది గనుక. బెన్సన్ తాను ఎన్నుకొన్న రచయితపట్ల కొంత పక్షపాతము చూపెనేమో యను సందేహము మాకు లేకపోలేదు. కాని కథలు చదివిన పిమ్మట ఆ పక్షపాతము మాకును అంటినది.

మాట్ బేకర్ నల్లజాతి అమెరికనుడు. 1921లో జన్మించి 1959లో, నలువదేండ్లు నిండకుండగనే, మరణించెను. ఆ కాలపు ప్రణయ చిత్రకథలలో మిక్కిలి సొగసైన స్త్రీమూర్తులను గీసిన ఆ చేయి గీసిన ముఖములు దాదాపు అన్నియు తెల్లవారివి. ఫాసెట్ సంస్థ 1950లో ‘నీగ్రో రొమాన్స్’ అను పత్రికను నల్లజాతి నాయికానాయకులతో ప్రారంభించి మూడు సంచికలతో నిలిపివేసెను. తల్లిదండ్రుల మాట, ధనము, వయస్సు, ఊరి గుసగుస, ఇవన్నియు ప్రణయనిష్ఠను పరీక్షించు కథలలో, ఆ దేశమున అన్నిటికంటె కఠినమైన అడ్డుగోడ మాత్రము ప్రశ్నాపత్రమునకు ఎక్కనే లేదు. లేని కథలను గూర్చి వ్రాయుట చరిత్రకారునికి కష్టము. కాని ఈ లేమిని గుర్తింపక పోరాదు.

1949-50 నాటికి వెల్లువ వచ్చెను. నూటికి మించిన పేర్లతో ప్రణయ పత్రికలు అంగళ్లను క్రమ్మినవి. ఒక్క ఫాక్స్ సంస్థయే ‘మై’ అను మాటతో మొదలగు పేర్లు డజనుకు పైగా పెట్టెను. ఇ.సి. సంస్థ తన ‘మోడరన్ లవ్’ పత్రిక ఎనిమిదవ సంచికలో, 1950లో, ప్రణయకథలన్నిటిని ముగించు ప్రణయకథ యను అర్థము వచ్చు పేరుతో ఈ వెల్లువనే పరిహసించి, ఆ పత్రికను అంతటితో మూసివేసెను. కొనువారికంటె పుస్తకములెక్కువై అనేక పత్రికలు 1950లోనే నశించినవి. ఈ విషయమును నొక్కి చెప్పుటకు కారణము కలదు. ప్రణయ చిత్రకథలను నియమావళి చంపినదని సులభముగా అనువారున్నారు. తొలి దెబ్బ అంగడిదే.

1950 జూన్‌లో కొరియా యుద్ధము మొదలయ్యెను. ‘వార్‌టైమ్ రొమాన్సెస్’ వంటి పేర్లతో కొత్త పత్రికలు వచ్చినవి. నిష్ఠాపరీక్షకు ఇంతకంటె అనువైన సన్నివేశము లేదు: ప్రియుడు సముద్రమునకావల, అంగడివీథిలో మరియొకడు, తపాలాపెట్టెలో ఆలస్యమైన ఉత్తరము. ఐదేండ్ల క్రిందటి విడాకుల జ్ఞాపకము ఇంకను చల్లారని కాలమున ఈ కథలు కేవలము వినోదము కాజాలవు.

1954లో సెనేటు ఉపసంఘము చిత్రకథలపై విచారణ జరిపెను. మనోవైద్యుడు ఫ్రెడ్రిక్ వెర్థమ్ గ్రంథము ‘సెడక్షన్ ఆఫ్ ది ఇన్నోసెంట్’ ఆ యేడే వెలువడెను. ఉపసంఘపు ఆగ్రహమునకు ముఖ్యలక్ష్యములు నేరకథలు, భయానక కథలు. ఐనను ప్రచురణకర్తలు తమకు తామే విధించుకొని 1954 అక్టోబరు 26న అంగీకరించిన నియమావళిలో వివాహమును గూర్చి ఒక ప్రత్యేకభాగము చేరెను. దాని సారమిది: విడాకులను హాస్యముగా గాని కోరదగినవిగా గాని చూపరాదు, అక్రమ సంబంధమును సూచింపనుకూడ రాదు, తల్లిదండ్రులయెడ గౌరవము పెంపొందింపవలెను, ప్రణయకథలు గృహముయొక్క విలువను, వివాహముయొక్క పవిత్రతను నొక్కిచెప్పవలెను. కథ అచ్చునకు పోకముందు పరిశీలకుల ముందుకు పోవలెను. ఆమోదముద్ర లేని పత్రికను పంచుటకు టోకు వర్తకులలో పెక్కురు సమ్మతింపరు.

రచయిత దృష్టితో దీనిని చూడవలెను. ముగింపు వివాహమే కావలెనని ముందు తెలిసినది. అంతకుముందును చాలవరకు అంతే. నష్టమైనది ముగింపు కాదు, నడిమి భాగము. నాయిక చేయగల తప్పులు ఒక్కొక్కటిగా తొలగిపోయినవి. తల్లిదండ్రుల మాట తప్పు కావచ్చునన్న సంభావ్యత పోయినది. వివాహిత సందేహించుటయే దుర్ఘటమయ్యెను. తప్పు చేయలేని నాయికకు సందేహము మిగిల్చుట యెట్లు? ఆమె అపోహపడును. ప్రియుని ప్రక్కన నిలిచిన స్త్రీ అతని సోదరియని తెలియక ఏడ్చును. మేము పైన చెప్పిన కథనమునకును బుడగకును నడుమ ఎడము క్రమముగా పూడిపోయెను: కథనము విచారించును, బుడగ విచారించును, మబ్బు విచారించును, బొమ్మ కంటనీరు పెట్టును. అపోహ తొలగినంతనే చెల్లిపోవు నిష్ఠాపరీక్షను పరీక్ష యనుట మాటవరుసకే.

ఐనను వ్యాపారముగా ప్రణయశాఖ చావలేదు. నేర, భయానక పత్రికలు నియమావళితో కుప్పకూలినవి; ప్రణయ పత్రికలు ఇంకను రెండు దశాబ్దములు నిలిచినవి. ‘యంగ్ రొమాన్స్’ 1963లో డి.సి. సంస్థ చేతికి మారి, 208 సంచికలు నిండి, 1975లో నిలిచిపోయెను. దాని చెల్లెలివంటి ‘యంగ్ లవ్’ 1977లో. మిషెల్ నోలన్ 2008లో ప్రకటించిన చరిత్రగ్రంథము ఈ జాబితాలను శ్రద్ధతో కూర్చినది; విద్యార్థులు అచ్చటినుండి పని మొదలిడుట మేలు. డి.సి. పత్రికలలో బొమ్మ యెంతో మెరుగుపడినదనియు ఒప్పుకొనవలెను. కథలో జరుగుట తగ్గినకొలది ముఖము పెద్దదయ్యెను. 1960 ప్రాంతమున పుటలో సగమును ఆక్రమించిన ఆ కన్నీటి ముఖములు, చెప్పుటకు వేరేమియు లేని కథలు కనిపెట్టుకొన్న ఉపాయము. ఉపాయము మాత్రము అందమైనది.

అట్టి ముఖమొకటి లోకప్రసిద్ధి పొందినది. ‘సీక్రెట్ హార్ట్స్’ 83వ సంచిక, 1962 నవంబరు. కథ ‘రన్ ఫర్ లవ్’. చిత్రకారుడు టోనీ అబ్రుజో, అక్షరలేఖకుడు ఐరా ష్నాప్. మొదటి పుటలోనే నాయిక నీటిలో మునిగిపోవుచున్నది. వెనుక తలక్రిందులైన పడవను పట్టుకొని ఆమె ప్రియుడు మాల్ ఉన్నాడు. కాలు పట్టివేసినను సరే, అతనిని సాయమడుగుటకంటె మునుగుటయే మేలని ఆమె తలపు. రాయ్ లిక్టెన్‌స్టైన్ 1963లో ఈ గడిని గ్రహించి ‘డ్రౌనింగ్ గర్ల్’ అను పెద్ద పటముగా చిత్రించెను. పడవను తీసివేసెను, మాల్‌ను తీసివేసెను, కాలు పట్టివేసిన మాటను తీసివేసెను, మాల్ పేరునకు బదులు బ్రాడ్ అని వ్రాసెను. మిగిలినది అలలు, ముఖము, కన్నీరు. న్యూయార్కు ఆధునిక కళాప్రదర్శనశాలలో ఇప్పుడున్న ఆ పటమును చూచువారు ఆమెను నిష్కారణముగా ఏడ్చు పిచ్చిపిల్లగా ఎంచి నవ్వుదురు.

పండ్రెండు సెంట్లిచ్చి ఆ సంచిక కొన్న పిల్ల నవ్వియుండదు. మాల్ వెనుకనే ఉన్నాడని, పిలిచిన వచ్చునని ఆమెకు తెలియును. నాయిక ఏల పిలువదో తెలిసికొనుటకు ఆమెయొద్ద ఇంకను కొన్ని పుటలున్నవి.